ఆవిడ ముందు చూపించిన మనిషి

పోలీసు స్టేషన్ వెనక సందులో, కాంపౌండు గోడను ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో సీట్లు కుట్టే మేస్త్రిని ఆ పేటలో ఎరగనివాళ్ళు లేరు. కానీ అదే మనిషి బజార్లో ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్ళు మాత్రం బహు తక్కువ. మొహం అలాంటిది. పొడుగరీ కాదు, పొట్టివాడూ కాదు. నలుపనలేం, తెలుపనలేం. మీసం ఉంది, కానీ అందరికీ ఉండేలాంటి మీసమే. బస్సెక్కితే ఎవరో ఒకరు వెనకనుంచి వీపు మీద చరిచి, "ఏరా, ఎప్పుడొచ్చావు?" అనేవాళ్ళు. తిరిగి చూస్తే నాలిక్కరుచుకుని, "అయ్యో, మా తోడల్లుడనుకున్నానండీ" అనేవాళ్ళు. అతను నవ్వేసి, "పర్లేదండి, మీ తోడల్లుణ్ణి అడిగానని చెప్పండి" అనేవాడు. మేస్త్రి అత్తగారైతే ఇంకో అడుగు ముందుకేసి, "మా అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చి వెళ్ళాక మొహం గుర్తు తెచ్చుకుందామని చూశాను. కూర్చున్న కుర్చీ గుర్తొచ్చింది గానీ మనిషి గుర్తొస్తే ఒట్టు!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

స్కూటరు సీట్లు, కారు సీట్లు, సినిమా హాలు కుర్చీలు, ఏవైనా కుట్టేవాడు మేస్త్రి. షెడ్డునిండా రెక్సిన్ చుట్టలు, స్పాంజి ముక్కలు, మైనం రాసిన దారం కండెలు. స్టేషన్ జీపుల సీట్లన్నీ అతని చేతిమీదుగా వెళ్ళినవే. అందుకే స్టేషన్‌లో అందరూ అతనికి కావలసినవాళ్ళే. అందులో హెడ్డు కానిస్టేబులు మరీను. గోడవతల నిలబడి తల పైకెత్తి, "మేస్త్రీ, ఓసారి నీ మొహం అరువిచ్చి పోవయ్యా!" అని కేక వేసేవాడు.

ఆ అరువు కథేమిటంటే, గుర్తింపు పరేడ్. ఎవరినైనా అనుమానం మీద పట్టుకొచ్చినప్పుడు, అతని ఈడుకీ ఒడ్డూపొడుగుకీ సరిపోయే మరికొందరిని తెచ్చి వరసగా నిలబెడతారు. నేరం జరగడం చూసిన మనిషి వచ్చి ఆ వరసలో ఎవరు చేశారో చూపించాలి. పట్టుకొచ్చినవాడి పక్కన నిలబడ్డానికి మనుషులు కావాలిగా! మేస్త్రి మొహం ఎవరి పక్కనైనా ఇట్టే ఇమిడిపోయేది. చేతిలో పని పక్కన పెట్టి, జుట్టుకి నీళ్ళు రాసుకుని వెళ్ళేవాడు. నిలబడేవాడు. సాక్షి ఎవరినో చూపించేవాళ్ళు. హెడ్డు టీ ఇప్పించేవాడు. వచ్చి మళ్ళీ సూది పట్టుకునేవాడు. చాలా ఏళ్ళు ఇలాగే జరిగింది. "నాకు చదువబ్బకపోయినా మొహానికి సర్కారు కొలువొచ్చింది" అని భార్య దగ్గర గొప్పలు పోయేవాడు. ఆవిడ పిల్లల ఆసుపత్రిలో ఆయా. "ఆ కొలువులో సెలవులుంటే ఇంట్లో పంపు బాగుచేయండి" అని ఊరుకునేది.

అలాంటి రోజుల్లో మార్కెట్ రోడ్డులో మందుల షాపు నడిపే ఆవిడ మీద దాడి జరిగింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ, షట్టరు సగం దించి లోపల సర్దుకుంటుంటే ఎవడో దూరాడు. ఆవిడ అరిచింది. వాడు చేతికందిన ఇనప స్టాండుతో కొట్టి పారిపోయాడు. మోచేతి ఎముక విరిగింది, కణత దగ్గర చీరుకుపోయింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. పేటంతా అట్టుడికినట్టు ఉడికింది. దుకాణాలవాళ్ళందరూ స్టేషన్ ముందు కూర్చున్నారు. పైనుంచి ఇన్‌స్పెక్టరుకి అక్షింతలు పడ్డాయి. ఆ తర్వాత ఒక పెయింటరుని పట్టుకొచ్చారని తెలిసింది. ఆ రోడ్డులోనే ఒక ఇంటికి రంగులేస్తున్నాడట. అంతకుముందెప్పుడో ఒక కొట్లాటలో అతని పేరుందట.

పరేడ్‌కి పిలుపొచ్చింది. మేస్త్రి వెళ్ళాడు. స్టేషన్ వెనక హాల్లో, సున్నం రాలుతున్న గోడ ముందు వరస కట్టారు. మేస్త్రి మధ్యలో నిలబడ్డాడు. పెయింటరు చివర. ఇంచుమించు మేస్త్రి ఈడువాడే. లాకప్పులో ఉండబట్టి గడ్డం మాసి ఉంది, చొక్కా నలిగిపోయి ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు. మిగతా అందరూ తలలు దువ్వుకుని శుభ్రంగా ఉన్నారు. ఆ తేడా మేస్త్రి కంట్లో పడకపోలేదు గానీ, పట్టించుకోలేదు. ఎప్పుడూ అంతేగా!

మందుల షాపావిడ వచ్చింది. చేతికి కట్టు, మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ వెనక ఇన్‌స్పెక్టరు, పక్కన హెడ్డు. వరస మొదటినుంచి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. మేస్త్రి దగ్గర ఆగింది. ముందుకెళ్ళబోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆవిడ గడ్డం వణకడం మేస్త్రికి కనిపించింది. ఏమ్మా, నీరసంగా ఉందా అని అడగబోయాడు కూడా. ఈలోగా ఆవిడ మంచి చెయ్యి ఎత్తి అతని భుజం మీద పెట్టింది.

"ఇతనే" అంది. "ఇతనే సార్. ఈ కళ్ళే. చచ్చినా మర్చిపోను."

మేస్త్రి నవ్వాలో ఏడవాలో తెలియక హెడ్డు వైపు చూశాడు. హెడ్డు గట్టిగా దగ్గాడు.

ఇన్‌స్పెక్టరు మెత్తగా, "అమ్మా, కంగారు పడకండి. నిదానంగా ఇంకోసారి చూడండి. చివరిదాకా చూడండి" అన్నాడు.

"చివరిదాకా" అన్న మాట కొంచెం ఒత్తి పలికాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని చివరిదాకా వెళ్ళింది. మాసిన గడ్డాన్నీ ఒట్టి కాళ్ళనీ చూసింది. చాలాసేపు చూసింది. ఇన్‌స్పెక్టరు మొహం కూడా చూసింది. "ఇతను... ఇతనై ఉండొచ్చు" అంది. "అవును, ఇతనే అనుకుంటా."

పెయింటరు, "అమ్మా, నేను కాదమ్మా" అన్నాడు. కానిస్టేబులు అతన్ని లోపలికి తీసుకెళ్ళిపోయాడు.

ఆవిడ వెళ్ళాక అందరూ పగలబడి నవ్వారు. "మేస్త్రీ, ఇవాళ నీకు మూడిందనుకున్నా!" అని ఒకడు. "లోపల సీట్లు బాగా లేవుగా, ఉండి కుట్టిపో" అని ఇంకొకడు. మేస్త్రి కూడా నవ్వాడు. టీ తాగాడు.

షెడ్డుకొచ్చి కూర్చుంటే కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టాడు, మళ్ళీ పోయింది. పెందలాడే కట్టేసి ఇంటికెళ్ళాడు. మందుల షాపావిడ చెయ్యి ఇంకా భుజం మీద ఉన్నట్టే ఉంది. ఇంటికెళ్ళగానే భార్యని అడిగిన మొదటి మాట, "ఆ మందుల షాపు గొడవ జరిగిన సాయంత్రం నేనెక్కడున్నానే?"

"నాకేం తెలుసు? నాకప్పుడు డ్యూటీ."

అత్తగారిని అడిగాడు. ఆవిడ ఆలోచించి, "ఇంటికొచ్చావు, భోంచేశావు, పడుకున్నావు. రోజూ చేసేదే కదా నాయనా, ఏ రోజని చెప్పను?" అంది.

అతను తవ్వుకుని తవ్వుకుని చూశాడు. ఆ రోజు షెడ్డులో ఒక్కడే ఉండి ఉండాలి. సినిమా హాలు కుర్చీల పని అప్పుడే అనుకుంటా. లేక తర్వాతి వారమా? ఎవరైనా వచ్చారా? ఎవరితోనైనా మాట్లాడాడా? ఏమీ తట్టలేదు. తనకే తెలియనిది తన తరఫున ఇంకెవరు చెబుతారు? చెప్పులు లేకుండా ఆ వరస చివర తనే నిలబడి ఉంటే?

అప్పట్నుంచి కాలుగాలిన పిల్లిలా తయారయ్యాడు మేస్త్రి. పనిలో కూర్చుంటే లేచేవాడు, లేస్తే సందు చివరిదాకా వెళ్ళి వచ్చేవాడు. కత్తెర ఎక్కడ పెట్టాడో మర్చిపోయి, చేతిలో పెట్టుకునే వెతికేవాడు. గోడవతల బూట్ల చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. భార్య చూసీ చూసీ, "ఒంట్లో బాగోలేదా? ఆసుపత్రిలో చూపిద్దామా?" అంది. "పిల్లల ఆసుపత్రిలోనా?" అని నవ్వబోయాడు గానీ, నవ్వు పెదాల దాకా రాలేదు.

ఒక మధ్యాహ్నం, ఎందుకెళ్తున్నాడో తనకే సరిగ్గా తెలియకుండా మందుల షాపుకి వెళ్ళాడు. తలనొప్పి మాత్ర అడుగుదామనుకున్నాడు. కౌంటరు వెనక ఆవిడ ఏదో సర్దుతోంది. తలెత్తి చూసి కొయ్యబారిపోయింది. చేతిలో సీసా జారి పడింది. మేస్త్రి రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగాడు.

"భయపడకండమ్మా. నేనేం చెయ్యను. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతా."

ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. "తెలుసండి. సంతకం పెట్టించుకునేటప్పుడు మీరు డిపార్ట్‌మెంటు మనిషని చెప్పారు వాళ్ళు. మఫ్టీలో ఉన్నారని."

"డిపార్ట్‌మెంటా? నేను సీట్లు కుట్టుకునేవాణ్ణమ్మా."

ఆవిడ మొహం పాలిపోయింది. స్టూలు లాక్కుని కూలబడింది. ఎవరో దగ్గు మందు కోసం వస్తే ఇచ్చి పంపించింది.

"పోలీసాయన కాబట్టి మీరు కాదనుకున్నాను" అంది చివరికి. "అలా అనుకునే సంతకం పెట్టాను. కానీ కళ్ళు మూసుకుంటే మీ మొహమే వస్తోంది. అది ఆ సాయంత్రం చూసిన మొహమో, స్టేషన్‌లో చూసిన మొహమో నాకే తెలియడంలేదు. అసలు మొహం పోయిందండి. మీదీ ఆ పెయింటరుదీ కలిపి పులిమేసినట్టు... నేనేం చేశాను? ఒక మనిషిని లోపల పెట్టించానా?"

"మీరు చూసింది చూసినట్టే చెప్పారమ్మా."

"చెప్పాను. విన్నారా వాళ్ళు?"

మేస్త్రి తలనొప్పి మాత్ర తీసుకోకుండానే బయటికొచ్చాడు. దారంతా ఆ మాటే వెంటబడింది.

సరాసరి హెడ్డు దగ్గరికెళ్ళాడు. హెడ్డు స్టేషన్ వరండాలో పేపరు చూస్తున్నాడు. మంచివాడే. మేస్త్రి కూతురికి జ్వరమొస్తే ఒకప్పుడు జీపులో ఆసుపత్రికి చేర్చినవాడు.

"ఆ పెయింటరు ఎక్కడున్నాడండీ?"

"ఎక్కడుంటాడు? జైల్లో. కేసు కోర్టుకెళ్ళింది."

"ఆవిడ ముందు నన్ను కదా చూపించింది?"

"అయితే?"

"అది రాశారా?"

హెడ్డు పేపరు మడిచాడు. "నిన్ను రాయడమేంటయ్యా? నువ్వు లెక్కలోకి రావు. పక్కన నిలబెట్టడానికి తెచ్చినవాడివి. ఆవిడ పొరబడింది, సర్దుకుంది. అందులో ఏముంది?"

"సర్దుకుందా, మనం సర్దామా?"

"మేస్త్రీ!" హెడ్డు గొంతు మారింది. ఆ వెంటనే మళ్ళీ తగ్గించాడు. "చూడు, పైవాళ్ళు మా ప్రాణం తోడేస్తున్నారు. పేటంతా రోడ్డెక్కింది. వాడేం సత్తెకాలపు మనిషి కాదు, పాత గొడవలున్నాయి. నువ్విందులో వేలు పెట్టకు. నా మాట విను."

వినాలనే అనుకున్నాడు మేస్త్రి. కొన్నాళ్ళు విన్నాడు కూడా. వారాలు గడిచాయి. తనేమీ దేశోద్ధారకుడు కాడు, స్టేషన్‌తో పెట్టుకుని ఈ సందులో బతకలేడు. అయినా ఏం చేస్తున్నా ఆ ఒట్టి కాళ్ళే కళ్ళముందు. పెయింటరు "నేను కాదమ్మా" అన్న తీరులో కోపం లేదు, మొర లేదు. అలవాటైపోయిన నీరసం ఉంది. అదే మేస్త్రిని తొలిచేసింది.

ఒకరోజు తెల్లవారీ తెల్లవారకముందే చొక్కా వేసుకుంటుంటే భార్య అడిగింది, "ఎక్కడికి?"

"కోర్టుకి."

విషయమంతా విని ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "మతి గానీ పోయిందా? కొట్టు వాళ్ళ గోడకి ఆనుకుని ఉంది. వాళ్ళు తలుచుకుంటే రేపు రేకులు కూడా మిగలవు. ఊళ్ళో ఎంతమంది లోపలికెళ్ళడంలేదు? అందరికీ మీరే దిక్కా?" అరిచి అరిచి అలిసిపోయి, గుమ్మంలో కూర్చుంది. కాసేపటికి అడిగింది, "అతనికి పెళ్ళాం ఉందా?"

"తెలీదు."

"తెలుసుకోండి ముందు" అని లేచి లోపలికెళ్ళిపోయింది. వద్దని మాత్రం మళ్ళీ అనలేదు.

పెళ్ళాం లేదు, అక్క ఉంది. కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. పెయింటరు తరఫున సర్కారు పెట్టిన లాయరమ్మ, చంకలో ఫైళ్ళ కట్టతో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగెడుతోంది. మేస్త్రి ఆవిడ వెంటపడి, మెట్ల దగ్గర ఆపి, చెప్పాలనుకున్నది చెప్పేశాడు. లాయరమ్మ ఫైళ్ళు మెట్టు మీద దించేసింది.

"ముందు మిమ్మల్ని చూపించిందా? మళ్ళీ చూడమన్నారా? ఈ పరేడ్ కాగితంలో ఆ ముక్కే లేదే! 'సాక్షి తడుముకోకుండా గుర్తించినది' అని ఉంది."

"తడుముకోకుండా గుర్తించింది నన్నేనండి."

ఆవిడ అతని మొహంలోకి పట్టిపట్టి చూసింది. "కోర్టులో చెబుతారా ఈ మాట?"

మేస్త్రి నీళ్ళు నమిలాడు. ఇంతలో పెయింటరు అక్క లేచి వచ్చింది. మాటలు విన్నట్టుంది. "అన్నయ్యా, మీరెవరో నాకు తెలీదు" అంది. "ఆ రోజు వాడు పని దిగి ఇంటికొచ్చి పడుకున్నాడు. నేను చెబితే సొంత అక్కవి, నీ మాట చెల్లదన్నారు." ఇంకేమీ అడగలేదు ఆవిడ. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడేమో!

"చెబుతానమ్మా" అన్నాడు మేస్త్రి.

వెళ్ళబోతుంటే లాయరమ్మ వెనక్కి పిలిచి ఇంకో ప్రశ్న వేసింది. "మీరింతకుముందు కూడా ఇలా నిలబడ్డారుగా. ఎప్పుడైనా ఇలాంటిదే...?" మేస్త్రి లేదనబోయి ఆగిపోయాడు. సాక్షి వేరే ఎవరి దగ్గరో ఆగినప్పుడు హెడ్డు దగ్గడం అతనికి కొత్త కాదు. అది జలుబనుకునేవాడు.

కబురు స్టేషన్‌కి చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. కుట్టడానికిచ్చిన జీపు సీట్లు సగంలో ఉండగానే ఎవరో వచ్చి పట్టుకుపోయారు. గోడవతల కేకలు ఆగిపోయాయి. తర్వాత ఒక ఉదయం ఇన్‌స్పెక్టరే వచ్చాడు. మర్యాదగా చెప్పులు బయట విడిచి, కొత్తగా స్పాంజి పరిచిన బెంచీ మీద కూర్చున్నాడు.

"బాగుంది మేస్త్రీ, మెత్తగా ఉంది."

"ఇంకా అవలేదు సార్."

"కోర్టుకెళ్తున్నావట?"

మేస్త్రి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కలేదు.

"వెళ్ళు, వద్దనను" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఒక్కటే ఆలోచించుకో. ఆవిడ ముందు చూపించింది నిన్నేనని నువ్వే చెబుతావు. ఆ చూపించడమే నిజమని నువ్వే అంటావు. అప్పుడు మేం ఏం చెయ్యాలి? నిజమైతే నిజమని నమ్మాలి కదా! ఆ సాయంత్రం నువ్వెక్కడున్నావో కూడా అడగాలి కదా!" లేచి దుమ్ము దులుపుకున్నాడు. "పెళ్ళాం పిల్లలు ఉన్నవాడివి."

అతను వెళ్ళాక మేస్త్రి అలాగే నిలబడిపోయాడు. నిజం చెప్పడమంటే ఆ వరసలో చివరికి తనే జరిగి నిలబడటమని అప్పటిదాకా అతనికి తట్టలేదు. ఆ రోజంతా ఊరంతా కాళ్ళీడ్చుకుంటూ తిరిగాడు. పాత సినిమా హాలుకెళ్ళి తను కుట్టిన కుర్చీల వరసలన్నీ చూశాడు. మేనేజర్ని పట్టుకుని, "ఈ పని ఏ రోజుల్లో చేశానండీ?" అని అడిగాడు. మేనేజరు చెప్పింది వేరే నెల. ఆ ఆశా పోయింది.

సాయంత్రం భార్య డ్యూటీనుంచి వచ్చేసరికి అతను గుమ్మంలోనే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు అన్నదంతా చెప్పాడు. ఆవిడ అరవలేదు. చెప్పులు విప్పకుండా పక్కనే కూర్చుంది.

"మీరు చెయ్యలేదు కదా" అంది.

"అదేంటే, నువ్వు కూడా అడుగుతున్నావా?"

"అడగలేదు. చెబుతున్నాను. అతను కూడా చెయ్యలేదేమో! వాళ్ళక్క కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది." చెప్పులు విప్పి పక్కన పెట్టి, "వెళ్ళండి. ఏమైతే అదవుతుంది. ఇలా ఇల్లంతా తొక్కి తిరుగుతుంటే నాకూ పిచ్చెక్కేలా ఉంది" అంది.

విచారణ రోజున మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని బోనెక్కాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. సర్కారు వకీలు లేచి, తాపీగా కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?"

"గుర్తులేదండి."

కోర్టు హాల్లో గుసగుసలు లేచాయి.

"గుర్తులేదా? అయితే ఆ పని చేసింది మీరే కావచ్చు కదా?"

"నేను చెయ్యలేదండి."

"చెయ్యలేదనడానికి రుజువేమిటి?"

"ఏమీ లేదండి" అన్నాడు మేస్త్రి. "ఆ పెయింటరు దగ్గరా ఏమీ లేదు. ఆవిడ మా ఇద్దర్నీ చూపించింది. నన్ను గట్టిగా చూపించింది, అతన్ని అనుమానంగా చూపించింది. నేను టీ తాగి ఇంటికెళ్ళాను. అతను ఇంకా ఇంటికెళ్ళలేదు. అంతకుమించి మా ఇద్దరికీ తేడా నాకు కనబడలేదండి."

వకీలు ఇంకేదో అడగబోయి కూర్చున్నాడు. జడ్జి చాలాసేపు ఏదో రాసుకున్నాడు.

హెడ్డుని పిలిచారు. మందుల షాపావిడ ముందు ఎవరిని చూపించిందని లాయరమ్మ అడిగింది. హెడ్డు మేస్త్రి వైపు చూడలేదు. బోను కర్ర మీద బొటనవేలితో గీస్తూ, "గుర్తులేదండి" అన్నాడు. ఆ మాట మేస్త్రి గుండెల్లో గునపంలా దిగింది. ఇన్‌స్పెక్టరు అబద్ధమాడితే ఇంత బాధపడేవాడు కాదు.

కేసు అటూ ఇటూ కాకుండా పోతుందనుకుంటున్న వేళ లాయరమ్మ మందుల షాపావిణ్ణి మళ్ళీ పిలిపించింది. ఆవిడ విరిగిన చెయ్యి సరిగ్గా అతకలేదు, ఇంకా వంకరగానే ఉంది. "నన్ను కొట్టినవాడికి శిక్ష పడాలని ఈ కోర్టులో అందరికంటే ఎక్కువ కోరుకునేది నేను" అంది. "కానీ ఎవరికో ఒకరికి పడితే నాకొద్దు. ముందు ఈయన్ని చూపించాను. మళ్ళీ చూడమన్నారు. చివరిదాకా చూడమన్నారు. చూడమన్న చోట చూశాను. నాకు ఇప్పుడు ఎవరి మొహమూ గుర్తులేదు." అంటూనే బావురుమంది.

ఆ గుర్తింపు చెల్లదని జడ్జి తేల్చాడు. పెయింటరు మీద వేరే ఆధారం ఏదీ లేదు. విడిచిపెట్టారు. తీర్పు చివర జడ్జి ఇంకొన్ని మాటలు చేర్చాడు. అనుమానితుడెవరో తెలిసిన అధికారి పరేడ్ దగ్గర ఉండకూడదు. వరసలో వాళ్ళందరి గడ్డం, బట్టలు, చెప్పులు ఒకేలా ఉండాలి. అసలు మనిషి ఆ వరసలో లేకపోవచ్చునని సాక్షికి ముందే చెప్పాలి. సాక్షి నోటినుంచి వచ్చిన మొదటి మాట ఉన్నదున్నట్టు రాయాలి, మొత్తం వీడియో తీయాలి. పై కోర్టు కూడా దాన్ని సమర్థించాక డిపార్ట్‌మెంటులో అన్ని స్టేషన్లకీ ఆదేశం వెళ్ళింది. లాయరమ్మ ఆ ఊపులో మేస్త్రి చెప్పిన మరో రెండు పాత కేసులు తిరగదోడింది. ఒకదాంట్లో మళ్ళీ విచారణకి ఒప్పుకున్నారు. రెండో దాంట్లో శిక్ష పడినవాడు అప్పటికే జైలునుంచి వచ్చి, ఊరొదిలి ఎటో వెళ్ళిపోయాడు. ఎంత వెతికించినా దొరకలేదు.

ఇన్‌స్పెక్టరుకి ఏమీ కాలేదు, ఇంకో స్టేషన్‌కి మార్చారు. తర్వాత వచ్చినామె మేస్త్రి జోలికి రాలేదు, జీపులూ పంపలేదు. మేస్త్రి ఆటోల సీట్లు కుట్టుకుంటున్నాడు. హెడ్డు ఒకటి రెండుసార్లు సందులో ఎదురై, ఏదో అనబోయి తలదించుకుని వెళ్ళిపోయాడు. మందుల షాపావిణ్ణి కొట్టినవాడు నేటికీ దొరకలేదు. ఆవిడ చీకటి పడకముందే షట్టరు దించేస్తోంది.

విడుదలయ్యాక చాలా రోజులకి పెయింటరు మేస్త్రి షెడ్డుకొచ్చాడు. కండ కరిగి, చొక్కా వేలాడుతోంది. మేస్త్రి గబగబా బెంచీ మీది రెక్సిన్ తీసి, "కూర్చో తమ్ముడూ" అన్నాడు. అతను కూర్చోలేదు.

"పని దొరికిందా?"

"జైలుకెళ్ళొచ్చినవాణ్ణి ఇంట్లోకి రానిచ్చి రంగులెవరు వేయించుకుంటారండీ? తప్పు లేదని కోర్టు చెప్పినా, పోలీసులు ఊరికే పట్టుకెళ్తారా అంటున్నారు. బయటి గోడలే వేస్తున్నా." అతను షెడ్డంతా కలయజూశాడు. తర్వాత మేస్త్రి కళ్ళలోకి చూశాడు. "ఒకటి అడగొచ్చా?"

"అడుగు."

"ఆవిడ మిమ్మల్ని చూపించింది, నాకు వినబడింది. అక్కడే ఉన్నాను కదా. ఆ పూటే మీరు నోరు విప్పి ఉంటే ఏమయ్యేది?"

మేస్త్రికి తల తీసేసినట్టయింది. భయపడ్డాననొచ్చు. నవ్వులాట అనుకున్నాననొచ్చు. అన్నీ నిజాలే. చేతిలోని రెక్సిన్ మడత పెడుతూ ఉండిపోయాడు.

"తిట్టడానికి రాలేదండి" అన్నాడు పెయింటరు. "అక్క దణ్ణం పెట్టి రమ్మంది. పెడదామనే వచ్చాను. చెయ్యి లేవడంలేదు. మీ తప్పు కాదని తెలుసు. ఎవరిదో తెలియక తిరుగుతున్నాను."

"తిట్టినా పర్లేదు" అన్నాడు మేస్త్రి.

అతను తల అడ్డంగా ఊపి, సందులోకి దిగి వెళ్ళిపోయాడు. మేస్త్రి షెడ్డు బయటికొచ్చి, అతను మలుపు తిరిగేదాకా చూశాడు. పిలుద్దామనుకున్నాడు. ఏమని పిలవాలో తెలియలేదు. తర్వాత కొట్టు కట్టేయకుండానే, రేకు తలుపు బార్లా తీసి ఉండగానే, అతను వెళ్ళిన వైపే గబగబా నడిచాడు.